కలసి ఆడెడి ఆటలు

ఉమ్మడి వరంగల్లు జిల్లాలో ఘనపూర్ అను పేరు గల ఊళ్ళు ఒకటి కంటె ఎక్కువ కలవు. సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, నేటి జనగామ జిల్లాలో, స్టేషన్ ఘనపూర్ ఉన్నది. ములుగు అడవులకు చేరువగా, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, మరియొక ఘనపూర్ ఉన్నది. కాకతీయ చక్రవర్తియైన గణపతిదేవుని పేర వెలసిన గణపురమే జనుల వాడుకలో ఘనపూర్ అయినదని చెప్పుదురు. కోటగుళ్ళను చూడగోరు యాత్రికులు పోవునది ఈ రెండవ ఘనపూర్‌కే. రాతి ప్రాకారము నడుమ ప్రధానాలయమును చుట్టి చిన్నవియు పెద్దవియు 22 గుడులు అచ్చట కలవు. కొన్ని చక్కగా నిలిచి యున్నవి. కొన్ని కూలి, చెక్కడపు రాళ్ళు మాత్రము మిగిలినవి.

కోటగుళ్ళ ఊరికి కాకతీయుల నాటి పెద్ద చెరువు కూడ కలదు. యంత్రములు లేని కాలమున అట్టి చెరువుకు కట్ట పోయుట ఒకరిద్దరి వలన అగు పని కాదు. ఒకడు మట్టి త్రవ్వవలెను. ఒకడు తట్ట నింపవలెను. వేరొకడు దానిని తలకెత్తవలెను. మోసికొనిపోయినవాడు చెప్పినచోటనే కుమ్మరింపవలెను. అచ్చట నిలిచినవారు దిమ్మిసతో కొట్టి గట్టిపరుపవలెను. తట్ట నింపువాడు జాగుచేసినచో మోయువారందరు నిలిచిపోవుదురు. మోయువాడు తొందరపడి ఎచ్చటనో పోసినచో కట్ట వంకర పోవును. చెరువును నమ్ముకొని బ్రతికిన పల్లెలకు కలసి పనిచేయుట ఒక అలంకారము కాదు, అదియే అన్నము. ఆ పల్లెల ఆటలలోను ఈ పోకడ కనబడుటలో వింత లేదు.

గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యమేలెను. ఆయన గజసైన్యమునకు అధిపతియైన జాయప సేనాని 1254 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ అను సంస్కృత గ్రంథమును రచించెను. ఏనుగుల దండును నడపినవాడు నాట్యశాస్త్రము వ్రాయుట నేటివారికి ఆశ్చర్యముగా తోచవచ్చును. ఆయన శాస్త్రీయమైన మార్గనృత్తములతో తృప్తిపడక, జనులు ఆడుకొను దేశి నృత్తములను గూడ శ్రద్ధతో వర్ణించెను. వానిలో దండరాసకము ఒకటి. అది కోలలు చేపట్టి గుంపుగా ఆడునది. నేడు తెలుగుపల్లెలలో కోలాటమని పిలుచునది దానికి బంధువే. ఘనపూర్‌కు కొలది దూరములోనే పాలంపేట రామప్ప గుడి ఉన్నది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. దాని స్తంభములపై నాట్యము చేయు స్త్రీలును, మద్దెల వాయించువారును నేటికిని కనబడుదురు.

కోలాటమును గూర్చి తరువాత ముచ్చటింపవచ్చును. అంతకుముందు ఒక సందేహము తీరవలసి యున్నది. గుంపుగా ఆడు ఆటలన్నియు కలసి ఆడెడి ఆటలేనా?

కావు. గుంపుగా ఆడుట వేరు, కలసి ఆడుట వేరు. పరుగుపందెములో నలువదిమంది ఒకేసారి పరుగెత్తవచ్చును. అయినను ఎవరి పరుగు వారిదే. ప్రక్కవాడు పడిపోయినచో తక్కినవారికి లాభమే గాని నష్టము లేదు. కలసి ఆడెడి ఆటలో అట్లు కాదు. ఆ ఆట నియమమే ఆటగాని నుండి ఏదో ఒక శక్తిని లాగికొనును. ఒకచోట వెనుదిరుగుటకు వీలులేదనును; ఒకచోట చూచుటకు వీలులేదనును; మరియొకచోట ఆగుటకు వీలులేదనును. ఆ లోటును తోటివాడు తీర్పవలసినదే. ‘ఐకమత్యముతో మెలగుడు’ అని ఉపాధ్యాయుడు నూరుసార్లు చెప్పినను రాని ఫలితము, ఇట్టి నియమము ఒక్కటి ఉన్నచో దానంతట అదే వచ్చును.

ఖోఖో ఆటను పరిశీలించిన ఈ సంగతి తేటపడును. మైదానము నడుమ రెండు స్తంభములు, వానిని కలుపుచు ఒక సన్నని బాట. ఆ బాటపై ఎనిమిదిమంది వరుసగా గొంతుకూర్చుందురు. ఒకడు తూర్పునకు ముఖము పెట్టినచో ప్రక్కవాడు పడమరకు ముఖము పెట్టును. అదే పక్షమునకు చెందిన తొమ్మిదవవాడు లేచి తరుమును. ఎదుటి పక్షమువారు ముగ్గురు చొప్పున లోనికి వచ్చి తప్పించుకొని తిరుగుదురు. ఇంతవరకు సామాన్యమే. తరుమువానికి గల నిర్బంధములలో విశేషమున్నది. అతడు నడిమి బాటను దాటి అవతలి వైపునకు పోరాదు. ఒకమారు ఒక దిక్కునకు సాగిన పిమ్మట వెనుదిరుగరాదు. తప్పించుకొనువానికి మాత్రము ఈ కట్టడి ఏదియు లేదు. వాడు కూర్చున్నవారి సందులలోనుండి ఇటునటు దూరిపోవచ్చును, ఎటైనను మరలవచ్చును.

ఈ కారణమున ఎంతటి వేగముగలవాడైనను ఒంటరిగా ఒక్కనిని పట్టలేడు. పట్టబోవునంతలో ఎదుటివాడు సందులో దూరి అవతలి వైపు చేరును. అప్పుడు తరుమువాడు చేయదగినది ఒక్కటే. అవతలి వైపునకు ముఖము పెట్టి కూర్చున్నవాని వీపు తట్టి ‘ఖో’ యనవలెను. వాడు లేచి తరుమును. తరిమినవాడు వాని చోట కూర్చుండును. ‘ఖో’ వినబడక పూర్వమే లేచినచో అది తప్పు. కూర్చున్నవాడు కునుకుచుండినను తప్పే, ఆత్రపడినను తప్పే. ఇచ్చట మిక్కిలి నేర్పరి ఎక్కువ దూరము పరుగెత్తువాడు కాడు. తన పరుగును ఎప్పుడు విడిచి ఎవరికి ఇయ్యవలెనో తెలిసినవాడు. ఈ ఆటకు 1914లో పూనా నగరమున నియమావళి ఏర్పడినది. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచకప్ పోటీలు జరిగినప్పుడు పురుషుల విభాగమునను, స్త్రీల విభాగమునను భారతదేశమే గెలిచినది.

చెడుగుడు పద్ధతి వేరు. దీనినే కబడ్డి యందురు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడల సందర్భమున అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు దీనిని ఆడి చూపిరి. 1990లో బీజింగ్ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇది పోటీగా చేరినది. పక్షమునకు ఏడుగురు. కూతకు వచ్చినవాడు ఒక్కడు, పట్టువారు ఏడుగురు. చూచుటకు ఇది అన్యాయముగా నున్నను, నిజమునకు ఆ ఏడుగురిలో ముందుగా కాలు పట్టినవాడే ఎక్కువ అపాయములో ఉండును. తోడివారు అరక్షణము ఆలస్యము చేసినచో కూతగాడు వానిని గీత వరకు ఈడ్చికొని పోవును, పట్టినవాడే చచ్చును. అందువలన పట్టువారు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గొలుసువలె కదలుదురు. ఆ సమయమున మాటలాడినచో ఎదుటివాడు వినును. కావున సైగ చేతిలోనే జరుగవలెను. చేయి చిన్నగా నొక్కినచో ‘సిద్ధము’ అని అర్థము, వదలినచో ‘ఇప్పుడు కాదు’ అని అర్థము. ఇట్టి సంకేతములను ఏ గ్రంథమును నేర్పదు. ఒక్కొక్క జట్టు తనకు తానే కల్పించుకొనును. మరియు ఈ ఆటలో చచ్చినవాడు తన బలముతో మరల బ్రతుకజాలడు. తోటివారు ఎదుటి పక్షమువానిని చంపినప్పుడే వాడు లోనికి రాగలడు.

పక్షములు ఏర్పరచుకొనుటలో మన పల్లెపిల్లలు పాటించిన ఒక పద్ధతి మిక్కిలి కొనియాడదగినది. అవి ఉద్దులు. నేటి పాఠశాలలలో తరచుగా ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలిచి తమకు నచ్చినవారిని ఒక్కొక్కరినే ఏరుకొందురు. బలవంతులు ముందు పోవుదురు. చివరకు ఇద్దరో ముగ్గురో మిగిలి, నేల చూచుచు నిలుచుందురు. ఆట మొదలు కాకమునుపే వారు ఓడిరి. ఉద్దుల పద్ధతిలో ఈ అవమానము లేదు. బలములో, వయసులో సమానులైన ఇద్దరు తమంత తామే జతకూడుదురు. భుజములపై చేతులు వేసికొని కొంత దూరము పోయి, రహస్యముగా చెరియొక మారుపేరు పెట్టుకొందురు. ఒకడు మల్లె, ఒకడు మందారము. లేదా ఒకడు పులి, ఒకడు సింహము. తిరిగివచ్చి నాయకుని ‘మల్లె కావలెనా, మందారము కావలెనా?’ అని అడుగుదురు. నాయకుడు పేరును కోరును గాని మనిషిని కోరజాలడు. ఒక్కొక్క జత ఇట్లు చీలుటచే రెండు పక్షములును సరితూగును. ఎవడును కడపటివాడుగా మిగులడు. బలహీనునికి కూడ ఉద్ది ఒకడు ఉండును గదా.

అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. ఏడుగురిని ఒక్కటి చేసిన ఆటయే ఆ ఏడుగురిని తక్కిన ఏడుగురికి పగవారిగా చేయవచ్చును. పందెము ముగిసిన మరునాడు తరగతిలో రెండు పక్షములవారు వేరువేరు బల్లలపై కూర్చుండుట, ఒకరి పుస్తకము ఒకరికి ఈయకుండుట పాఠశాలలు ఎరుగని సంగతి కాదు. ఇది ఎంతవరకు పోగలదో అమెరికా దేశమున జరిగిన ఒక పరిశోధన తెలుపుచున్నది.

టర్కీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన ముజఫర్ షెరీఫ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1954 వేసవిలో ఓక్లహోమా రాష్ట్రములోని రాబర్స్ కేవ్ అను అటవీప్రదేశమున బాలుర శిబిరమును నడపెను. పదునొకండేండ్ల ప్రాయముగల బాలురు 22 మంది అందు పాల్గొనిరి. అందరు ఆరోగ్యవంతులే, ఇంచుమించు ఒకే విధమైన కుటుంబముల నుండి వచ్చినవారే. ఒకరినొకరు మునుపు ఎరుగరు. వారిని రెండు గుంపులుగా చేసి వేరువేరు కుటీరములలో ఉంచిరి. మొదటి వారము ఒక గుంపు ఉన్నదని రెండవ గుంపునకు తెలియదు. ఒక గుంపువారు తమకు డేగలనియు, రెండవవారు గిలకపాములనియు పేరు పెట్టుకొనిరి. తరువాత బంతియాట, త్రాడులాగు పందెము మొదలగు పోటీలు పెట్టి, గెలిచినవారికి బహుమానములు చూపిరి.

అంతటితో శిబిరము స్వరూపమే మారిపోయెను. తిట్లతో మొదలైనది జెండాలను తగులబెట్టుట వరకు పోయెను. ఒకరి కుటీరముపై ఒకరు దండెత్తిరి. అప్పుడు పరిశోధకులు వారిని శాంతింపజేయవలెనని, రెండు గుంపులను ఒకేచోట భోజనమునకు కూర్చుండబెట్టిరి. అది మేలు చేయకపోగా, బాలురు తినవలసిన పదార్థములను ఒకరిపై ఒకరు విసరికొనిరి. కలిపి కూర్చుండబెట్టినంతనే మనుష్యులు కలియరని దీనివలన తెలిసినది.

తరువాత పరిశోధకులు మరియొక దారి తొక్కిరి. శిబిరమునకు నీరు వచ్చు ఏర్పాటును రహస్యముగా ఆపివేసిరి. దాహము డేగలకును గిలకపాములకును సమానమే. అందరును కలసి కొండపైనున్న తొట్టి వరకు గొట్టమును వెదకుచు పోయి, లోపమును కనుగొనిరి. మరియొకనాడు ఆహారము తేవలసిన మోటారు బండి కదలనని మొరాయించెను. బాలురు ఒక త్రాడు తెచ్చి దానికి కట్టి, అందరును ఒకే వైపున నిలిచి లాగిరి. అది కొన్ని దినముల క్రితము త్రాడులాగు పందెములో వారు పగతో ఎదురెదురుగా లాగిన త్రాడే. శిబిరము ముగిసిన దినమున అందరు ఒకే బస్సులో పోవుదుమని వారే కోరిరి. దారిలో ఆగినచోట, గిలకపాములు తాము ఒక పోటీలో గెలిచిన ఐదు డాలర్లతో అందరికిని పాలపానీయము కొని యిచ్చిరి.

ఇరువది ఇద్దరు బాలురను చూచి లోకమునంతటిని గూర్చి తీర్పు చెప్పుట తగదు. ఆ పగను రగిల్చిన పోటీలను ఏర్పాటు చేసినది పరిశోధకులే యని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణ సరియైనదే. అయినను ఆ త్రాటి సంగతి మరువరానిది. త్రాడు మారలేదు, బాలురు మారలేదు. లాగు దిక్కు మారినది. కావున పాఠశాలలో చెడుగుడు, ఖోఖోలతోపాటు ఎదుటి పక్షమే లేని ఆటలు కూడ కొన్ని ఉండుట అవసరము. అట్టివి రెండింటిని ఇచ్చట చెప్పవచ్చును.

మొదటిది ముగ్గు ఆట. దీనికి పలక, బలపము చాలును. ఇద్దరు వీపునకు వీపు ఆనించి కూర్చుందురు. ఒకరి చేతిలో చుక్కల ముగ్గు గీసిన కాగితముండును. రెండవవారి చేతిలో ఖాళీ పలక ఉండును. కాగితము గలవారు మాటలతోనే ముగ్గును వర్ణింపవలెను. పలక గలవారు విని గీయవలెను. తొలి పర్యాయమున వినువారు నోరు మెదపరాదు, ప్రశ్నలు అడుగరాదు. ముగిసిన తరువాత రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నవ్వు ఆగదు. తామరపువ్వు చెప్పినచోట తాబేలు కనబడును. ‘ఇటు తిప్పి అటు కలుపుము’ అన్నవానికి ఇటు ఏదో, అటు ఏదో తెలియును. వెనుక కూర్చున్నవానికి ఎట్లు తెలియును? పైగా వీపులు ఆనించి కూర్చున్నప్పుడు ఒకరి కుడిచేతి వైపు మరియొకరి ఎడమచేతి వైపు అగును. రెండవ పర్యాయమున వినువారికి ప్రశ్నించు స్వేచ్ఛ ఇత్తురు. ఈ మారు కాలము ఎక్కువ పట్టును గాని ముగ్గు ముగ్గువలె వచ్చును.

ఇట్టి పరీక్షనే 1951లో హెరాల్డ్ లీవిట్, రొనాల్డ్ మ్యూలర్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు విద్యార్థులపై జరిపిరి. వారు ముగ్గులకు బదులు దీర్ఘచతురస్రముల అమరికలను ఉపయోగించిరి. ప్రశ్నలకు అవకాశము లేనప్పుడు పని త్వరగా ముగిసినది, తప్పులు ఎక్కువైనవి. అవకాశమున్నప్పుడు కాలము ఎక్కువ పట్టినను గీతలు సరిగా వచ్చినవి. తాము గీసినది సరియే యను ధైర్యము కూడ వినువారికి కలిగినది. తరగతిలో ‘అర్థమైనదా?’ అని అడిగినప్పుడు తలయూపి ఊరకుండు పిల్లలు ఈ ఆటను ఒక్కమారు ఆడి చూడవలెను.

ముగ్గులు వేయు ఇంటి స్త్రీలు ఈ ఆటలో చదువుకొన్నవారిని సైతము సులభముగా మించిపోవుదురు. ఏలయన వారికి ఒక పరిభాష కలదు. ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చువరకు, సందుచుక్క’ అని ఒకరు అన్నచో చాలును. నడుమ ఏడు చుక్కల వరుస, దానికి ఇరుప్రక్కల సందులలో ఆరు, ఐదు, నాలుగు చొప్పున వరుసలు; మొత్తము 37 చుక్కలు పొరపాటు లేక నేలపై పడును. ఇద్దరికిని తెలిసిన ఒక్క మాట, ఒకరికే తెలిసిన నూరు మాటల కంటె మేలు. ఈ ఆటను కొన్ని దినములు ఆడిన జంటలు తమకు కావలసిన మాటలను తామే పుట్టించుకొనుట గమనింపవచ్చును.

రెండవది జడకోలాటము. కోలాటములోని ఒక్కొక్క రీతిని కోపు అందురు. జడకోపు వానిలో కష్టమైనది, చూచుటకు అందమైనది. నడుమ ఎత్తైన గుంజ; దాని కొసనుండి ఆటగాండ్రెందరో అన్ని రంగుల త్రాళ్ళు వ్రేలాడును. ఒక్కొక్కరు ఒక చేత త్రాటి కొసను, ఒక చేత కోలను పట్టుకొందురు. నాయకుడు తాళములు వాయించుచు పాట ఎత్తుకొనును. ఆటగాండ్రు తిరుగుచుండగా గుంజ కొసనుండి జడ అల్లుకొనుచు దిగివచ్చును. తరువాత వెనుకకు తిరుగుచుండగా ఆ జడ విడిపోవును. దూరమునుండి చూచువారికి ఇది మాయవలె తోచును గాని, దీని మర్మము మిక్కిలి సులభము.

ఎనిమిదిమంది ఆడుచున్నారనుకొందము. గుంజ చుట్టు నిలిచి ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలు చెప్పుకొందురు. బేసి అంకెవారు కుడివైపునకు, సరి అంకెవారు ఎడమవైపునకు తిరిగి నిలుచుందురు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఎదురుగా ఒక్కొక్కరుందురు. నడక మొదలైనంతనే బేసివారు ఎదుటివారిని బయటి ప్రక్కగా దాటుదురు; అటుపిమ్మట ఎదురైనవారిని లోపలి ప్రక్కగా దాటుదురు; మరల బయట, మరల లోపల. సరివారు దీనికి సరిగా విరుద్ధముగా నడుతురు. బయటగా పోవువారు తమ త్రాటిని పైకెత్తవలెను. లోపలగా పోవువారు దాని క్రింద తలవంచవలెను. ఒక చుట్టు తిరుగునప్పటికి ప్రతివారికిని ఎనిమిదిమార్లు ఎదుటివారు తగులుదురు. నాలుగుమార్లు ఎత్తుట, నాలుగుమార్లు వంగుట. చుట్టు మొత్తమునకు 32 దాటుళ్ళు. ఆటగాండ్రు పన్నిద్దరైనచో ఒక చుట్టులో 72 దాటుళ్ళు, పదునార్గురైనచో 128. కావలసినవారు లెక్కవేసి చూడవచ్చును. మనుష్యులు రెట్టింపైనచో దాటుళ్ళు నాలుగురెట్లు అగుచున్నవి. పెద్ద గుంపునకు ఈ ఆట ఏల కఠినమో ఈ లెక్కయే తెలుపును.

పరుగుపందెములో అందరిని మించిన బాలుడు ఈ ఆటకు వచ్చినచో మొదటి దినమున వానివలననే చిక్కులు కలుగును. వాడు తొందరగా నడచి, ఎదుటివారు పూర్వపు దాటుడు ముగింపకమునుపే వారిపైకి పోవును. వాని అడుగు ఇప్పుడు గుంపులోని నెమ్మదియైన అడుగునకు సరిపోవలెను. అట్లే ఎప్పుడును గోడ ప్రక్కన నిలిచి చూచు పిల్ల ఇచ్చట త్రాడు పట్టినచో, ఆ త్రాడు లేక జడ అల్లుట సాగదు. పాట అందుకే. పాట అందరి కాళ్ళకు ఒకే కొలత ఇచ్చును. జడ దిగివచ్చుకొలది చేతిలోని త్రాడు పొట్టియగును; వలయము చిన్నదగును; భుజములు రాచుకొనును. ఆరంభమున చూపులతో సరిపెట్టుకొన్నవారు ఇప్పుడు ‘నీవు వంగుము’, ‘నేను ఎత్తుదును’ అని పలుకకుండ ఉండజాలరు.

పాఠశాలలో దీనిని నేర్చుకొనువారు మొదట కోలలు లేకుండ, పాట లేకుండ, మెల్లగా నడచి చూడవలెను. గుంజకు బదులు ఆటస్థలములోని గట్టి స్తంభము పనికివచ్చును. త్రాళ్ళు స్తంభపు ఎత్తు కంటె పొడవుగా ఉండవలెను. వేరువేరు రంగులవైనచో మంచిది. రంగులు అందమునకు మాత్రమే కావు. ఆ సంగతి జడ విప్పునప్పుడు తెలియును.

అల్లునప్పుడు జరిగిన పొరపాటు వెంటనే బాధింపదు. బయటగా పోవలసినవారు లోపలగా పోయినను నడక ఆగదు, పాట ఆగదు. జడ కొంచెము వంకరగా వచ్చును. చూచువారిలో పదింట తొమ్మండుగురు దానిని గుర్తింపరు. చేసినవారికిని తెలియకపోవచ్చును. విప్పుటకు వెనుదిరిగినప్పుడు క్రింది భాగము చక్కగా విడిపోవును. సరిగా ఆ దాటుడు వద్దకు వచ్చునప్పటికి రెండు త్రాళ్ళు ఒకదానినొకటి పట్టుకొని బిగిసికొనును. లాగినకొలది ముడి గట్టిపడును. అప్పుడు నాయకుడు తాళము ఆపును.

అనుభవము లేని గుంపులో ఆ నిమిషమున కేకలు పుట్టును. ‘నీవే తప్పితివి’, ‘నేను కాదు’ అని ఒకరినొకరు నిందించుకొందురు. కాని కేకలు వేయుచు ఎవరైనను త్రాడు విడిచి పోయినచో ఆట అంతటితో ముగిసినట్లే. ఏలయన ఆ త్రాడు ఏ దారిని వచ్చినదో ఇక ఎవరికిని తెలియదు. అలవాటుపడిన గుంపువారు ఉన్నచోటనే నిలిచి, తలలెత్తి ముడిని చూతురు. ఎఱుపును పసుపును పెనగియున్నవని రంగులు చెప్పును. ఆ రెండు త్రాళ్ళవారు దగ్గరకు వత్తురు. తక్కిన ఆర్గురు కదలక, తమ త్రాళ్ళను వదులుగా పట్టి ఎడమిత్తురు. ఇచ్చట ఒక చిత్రమున్నది. ఇప్పుడు నియమము ప్రకారము దాటినచో ముడి వీడదు. అల్లునప్పుడు ఏ తప్పుదారిని పోయిరో, ఆ ఇద్దరును ఆ దారినే వెనుకకు నడువవలెను. నాడు తలవంచినవారే మరల వంగవలెను. ఎత్తినవారే మరల ఎత్తవలెను.

ఎఱుపు త్రాటివారు వంగి వెనుకకు రెండడుగులు వేయుదురు. పైన ముడి సడలి, రెండు రంగులు విడివడును. నాయకుడు అందరి ముఖములను ఒకమారు చూచి, తాళము మరల మొదలుపెట్టును.